సందు మలుపులో ఈల

జూన్ 9, ఆదివారం

అల్లుడు వచ్చి వెళ్లాడు. అతను కూర్చున్న కుర్చీని రెండుసార్లు తుడిచాను. ఎంత స్నానం చేసినా ఆ రాతి దుమ్ము చెవుల వెనక, గోళ్ల సందుల్లో ఉండనే ఉంటుంది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కడం వాళ్ల కులవృత్తి. బాప్తిస్మం మొదలుకొని అన్నీ సక్రమంగా జరిగిన నా కూతురు జ్యోత్స్న, దేవుళ్ల బొమ్మలు చెక్కే ప్రభాకర్‌నే చేసుకుంటానని ఈ హాల్లో నిలబడి చెప్పింది. చేసుకుంది. జ్వరం వచ్చి చనిపోయింది కూడా. రెండేళ్లయింది. అప్పటి నుంచి పిల్ల నా దగ్గరే ఉంది.

పిల్ల పేరు ఫెబా. బడిలో అలాగే రాయించాను. వాళ్లు పెట్టుకున్న రక్షిత అనే పేరు వాళ్ల దగ్గరే ఉండనీ.

ప్రతి ఆదివారం ఇదే తంతు. సందు మలుపు తిరగగానే ఈల వేస్తాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వెంటనే "రక్షీ!" అని కేక. విగ్రహాల షెడ్డులో పదిమంది ఉలులు కొడుతుంటే పిల్ల ఏ రాయి వెనక ఆడుకుంటోందో తెలియక ఈ పిలుపు అలవాటు చేశాడట. అది వినపడితే చాలు, నోట్లో ముద్ద ఉన్నా సరే, ఫెబా వంటింటి స్టూలు ఈడ్చుకుంటూ హాలు కిటికీ దగ్గరికి పరిగెడుతుంది. కిటికీ గట్టు దాని తలకంటే ఎత్తు. స్టూలెక్కి, ఊడిన పళ్ల సందులోంచి తనూ ఒక ఈల వేస్తుంది. గాలి తప్ప ఏమీ రాదు. వాడికది వినపడుతుందట!

ఇవాళ మజ్జిగ తాగుతూ అసలు మాట బయటపెట్టాడు.

"అత్తా, మిద్దె మీద గది ఏపిస్తాండా. అది అయిపోతానే పాపను తీసకపోతా. చూసుకునేదానికి మాయమ్మ ఉంది గదా."

"ఆ దుమ్ములో పెట్టి పిల్లను దగ్గిస్తావా?"

"షెడ్డు వేరే, ఇల్లు వేరే అత్తా."

"చూద్దాంలేప్పా."

"చూసేదేముంది? నా బిడ్డ."

వాడి బిడ్డ అట. నా బిడ్డను తీసుకుపోయి ఏం చేశావని అడగాలనిపించింది. అడగలేదు. ఖాళీ గ్లాసు అందుకున్నాను. బతుకంతా ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. ఎప్పుడు అరవాలో, ఎప్పుడు ఊరుకోవాలో నాకు ఇంకొకరు నేర్పక్కర్లేదు.

నేను ఇవ్వను. ఇది ఎవరూ చదివేది కాదు కాబట్టి సూటిగా రాస్తున్నాను. ఇవ్వను.

జూన్ 13, గురువారం

పక్కింటి పూర్ణిమ ఒక చిలుక పిల్లను తెచ్చింది. వాళ్ల ఎరువుల అంగడికి వచ్చే గోస్పాడు రైతెవరో కొబ్బరిమాను తొర్రలోంచి తీసి ఇచ్చాడట.

"పాపకు తోడుంటాదని తెచ్చినా టీచరమ్మా. వీధిలోకి మాత్రం పెట్టాకండి. ఫారెస్టోళ్లు చూస్తే కేసు రాస్తారంట."

"రాస్తే నీ పేరే చెప్తాలే" అన్నాను. నవ్వింది. నేను నిజంగానే అన్నాను.

జూన్ 17, సోమవారం

చిలుకకు మాట నేర్పే పద్ధతి మా నాయన దగ్గర చూసిందే. ముందు దానికి ఇంకో చిలుక గొంతు వినపడకూడదు. తనవాళ్లు దగ్గరుంటే మన మాటలతో దానికేం పని? ఒంటరిగా పెడితే కొన్నాళ్లు అరుస్తుంది. తర్వాత మనల్నే తన గుంపు అనుకుంటుంది. మనలో కలవడానికి మన మాట పట్టుకుంటుంది. అందరూ అది తెలివి అనుకుంటారు. తెలివి ఉన్నమాట నిజమే. కానీ అది మాట్లాడేది దిక్కులేక.

తల్లి చిలుక గూట్లో ఉన్నప్పుడే ఒక్కో పిల్లకు ఒక్కో కూత అలవాటు చేస్తుందని, అదే దాని పేరని, అన్ని గొంతుల మధ్యా ఆ కూతతోనే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయని ఫోనులో ఎవరో పెద్దమనిషి చెబుతుంటే విన్నాను. అయితే దీని పేరు గోస్పాడు కొబ్బరిమానులోనే ఉండిపోయింది. మంచిదే.

సాయంత్రం కుందూ నది వైపు నుంచి చిలుకల గుంపు మా మిద్దె మీదుగా పోతుంది. అవి పోతుంటే ఇది కమ్మీలు కొరుకుతూ అరిచింది. పంజరాన్ని నడిమింట్లో పెట్టి తలుపు వేశాను. ఫెబా తలుపు దగ్గర కూర్చుని దానికంటే ఎక్కువ ఏడ్చింది. చివరికి ఇద్దరూ ఊరుకున్నారు. ఏడుపు అంతే. జవాబివ్వకపోతే ఆగిపోతుంది.

జూలై 2, మంగళవారం

చిలుక పలకలేదు.

జూలై 9, మంగళవారం

పలకలేదు. ఫెబా మాత్రం సండే స్కూలు వాక్యాన్ని ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. బెల్లం ముక్క పెట్టాను.

జూలై 21, ఆదివారం

నడిమింట్లో ఉక్కకు చిలుక సోలిపోతోందని పూర్ణిమ గొడవ చేస్తే, పంజరాన్ని తెచ్చి హాలు కిటికీకి లోపలి వైపు వేలాడదీశాను. సాయంత్రం గుంపు పోతున్నా ఇప్పుడది తల తిప్పడం లేదు.

ప్రభాకర్ వచ్చాడు. ఈల, కేక, స్టూలు, అన్నీ మామూలే. చిలుక మాత్రం మామూలుగా లేదు. ఈల వినగానే బిగుసుకుంది. పిల్ల పరిగెత్తుకుని వచ్చి తన పక్కనే స్టూలెక్కి నవ్వుతుంటే, కంటిపాపలు చిన్నవీ పెద్దవీ చేసుకుంటూ అదే పనిగా చూసింది.

జూలై 31, బుధవారం

పొద్దున ఈల వినపడింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. బుధవారం ఎందుకొచ్చాడా అని నేనే వీధి తలుపు తీశాను. ఎవరూ లేరు. ఫెబా అప్పటికే స్టూలు మీద ఉంది.

చిలుక!

ఫెబా పడీపడీ నవ్వింది. "అవ్వా, చిలక నాయన మాదిరి పిలుస్తాంది!" అది మళ్లీ వేసింది. ఇది మళ్లీ నవ్వింది.

నేను నేర్పిన "స్తోత్రం" ఇంతవరకూ పట్టుకోలేదు. వాడి ఈల ఎవరూ నేర్పకుండానే పట్టుకుంది. ఎందుకో కాసేపు ఆలోచిస్తే తెలిసింది. ఆ ఈలకు పిల్ల వస్తుంది. దానికి ప్రభాకర్ అక్కర్లేదు. పక్కన ఒక ప్రాణి కావాలి. ఏ కూతకు ఎవరొస్తారో కనిపెట్టి ఆ కూత వేసింది. నా క్లాసులో ఇంత తెలివైన పిల్లలు ఎందరున్నారు?

ఆగస్టు 4, ఆదివారం

పొద్దున్నే ప్రభాకర్ ఫోను. బళ్ళారి దగ్గర ఏదో గుడికి పెద్ద విగ్రహం పని వచ్చిందట. షెడ్డు వాళ్లంతా ఇవాళే పోతున్నారట. మూడు నెలల పైనే పడుతుందట. తిరిగొచ్చేసరికి ఇక్కడ గది కూడా పూర్తవుతుందట.

"పాపకు ఒకసారి ఇయ్యి అత్తా. నేనే చెప్తా."

"పండుకుంది. లేచినాక నేను చెప్తాలే."

"మర్చిపోవాకు అత్తా. లేకుంటే ఎదురుచూస్తాది."

చెప్తాలే అన్నాను. ఎప్పుడు చెప్తానో చెప్పలేదు కదా. ఫెబా అప్పుడు నా కళ్లముందే చిలుకకు పచ్చిమిరపకాయ పెడుతోంది.

ఆగస్టు 11, ఆదివారం

ఫెబా పొద్దున్నే కొత్త గౌను వేయించుకుని కూర్చుంది. చిలుక ఈల వేసింది. ఇది స్టూలెక్కింది, దిగింది. మళ్లీ ఈల. మళ్లీ ఎక్కింది. ఇప్పుడు ఈలతో పాటు "రక్షీ!" కూడా వచ్చేసింది, వాడి గొంతులోని బొంగురుతో సహా. నేనే ఉలిక్కిపడ్డాను.

"చిలకనా, నాయననా అవ్వా?"

"నాకేం తెలుసు? పోయి చూడు."

పోయి చూసింది. మధ్యాహ్నం దాకా చూస్తూనే ఉంది.

ఆగస్టు 12, సోమవారం

పంజరం మీద గుడ్డ వేస్తే చిలుక ఊరుకుంటుంది. నడిమింట్లోకి మార్చినా సరిపోతుంది. మార్చలేదు. కిటికీ దగ్గర దానికి గాలి బాగా తగులుతుంది.

ఈల వేసినప్పుడు జామకాయ ముక్క పెట్టాను. పక్షిని మెచ్చుకుంటే తప్పేముంది?

ఆగస్టు 18, ఆదివారం

ఎక్కింది, దిగింది. జామకాయలు అయిపోయాయి.

ఆగస్టు 25, ఆదివారం

ఇవాళ నాకు కష్టంగా అనిపించింది. పిల్ల గట్టు మీద చెయ్యి పెట్టుకుని స్టూలు మీదే నిద్రపోయింది. ఎత్తుకుని మంచం మీద వేశాను. నిద్రలోనే నా చెవితమ్మె పట్టుకుంది. జ్యోత్స్న కూడా ఇంతే. నా చెవి పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. ఈ చెయ్యి ఆళ్లగడ్డకు పోతే నేను ఎవరికోసం పొయ్యి వెలిగించాలి? ఈ పిల్ల తప్ప నాకు ఈ లోకంలో ఎవరున్నారు? అది తెలిసి కూడా వాడు గదులు కట్టిస్తున్నాడు.

చెబుదామనుకున్నాను, నాయన బళ్ళారిలో ఉన్నాడు, వస్తాడు అని. నిద్ర లేచి పాలు అడిగింది. పాలు ఇచ్చాను.

సెప్టెంబర్ 5, గురువారం

గురుపూజోత్సవమని పాత బడివాళ్లు పిలిచి శాలువా కప్పారు. శాంతకుమారి టీచరు చేతిలో పడితే ఎంత మొండి పిల్లలైనా దారికొస్తారని హెడ్మాస్టరు మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చేసరికి ఫెబా పంజరాన్ని చెంచాతో బాదుతోంది. "అబద్ధాల చిలకా! అబద్ధాల చిలకా!" చిలుక ఒక మూలకు అణిగిపోయింది. చెంచా లాక్కున్నాను.

"కొట్టాకు. అది అరిస్తే గుడ్డ ఏయి. 'నోరు మూసుకో, ఎవురూ రారు' అను. ఊరుకుంటాది."

"ఎవురూ రారా అవ్వా?"

"చిలక పిలిస్తే ఎవురొస్తారే?"

ఇందులో అబద్ధం ఏముంది? నా పాత చీర ముక్కను పంజరం పైన మడిచి పెట్టి, ఒక కొస కిందికి వదిలాను. ఆ కొస పట్టుకుని లాగితే గుడ్డ మొత్తం దిగుతుంది. స్టూలు అక్కర్లేదు. మునివేళ్ల మీద నిలబడితే పిల్లకు అందుతుంది. రెండుసార్లు చేయించాను. మూడోసారి తనే చేసింది.

సెప్టెంబర్ 15, ఆదివారం

ప్రభాకర్ ఫోను. పాప బడికి పోయింది అన్నాను. ఆదివారం గదా అత్తా అన్నాడు. సండే స్కూలు అన్నాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

ఈల వేస్తే రెండుసార్లు తలెత్తి చూసింది. స్టూలు జోలికి పోలేదు.

అక్టోబర్ 2, బుధవారం

ఉప్పు జాడీ అందుకోవడానికని స్టూలు మళ్లీ వంటింట్లోకి తెచ్చుకున్నాను. ఏదని ఎవరూ అడగలేదు.

అక్టోబర్ 6, ఆదివారం

సాయంత్రం గుంపులోంచి ఒక చిలుక తప్పుకుని వచ్చి మా కిటికీ కమ్మీల మీద వాలింది. మెడచుట్టూ గులాబీ పట్టీ ఉన్న పెద్ద మగ చిలుక. పంజరం కమ్మీల సందులోంచి ముక్కు పెట్టి మా దాని మెడ దువ్వింది. మాది కళ్లు మూసుకుని మెడ వంచింది. అలా మెడ వంచడం ఎవరు నేర్పారో దానికి. అడవి చిలుక సన్నగా ఏదో పలికింది, ప్రశ్న వేసినట్టు. మాది నోరు తెరిచి, "రక్షీ!" అంది.

అది తల పక్కకు వంచి చూసింది. ఇంకోసారి పలికింది. "రక్షీ! రక్షీ!" అంది మాది, ఉన్నదంతా అదే కాబట్టి. అది ఎగిరిపోయింది.

"దాని నాయనేమో అవ్వా" అంది ఫెబా.

"ఏమో."

"మరి వాళ్ల మాట దీనికి రాదా?"

"రాదు."

చిలుక చీకటి పడేదాకా అరిచింది. ఎవరూ చెప్పకుండానే ఫెబా లేచి గుడ్డ లాగింది. "నోరు మూసుకో. ఎవురూ రారు." గొంతు నాదే. విసుగూ నాదే.

అక్టోబర్ 24, గురువారం

చిలుక రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంటోంది. పురుగేమోనని వేపాకు నీళ్లు చల్లాను. పురుగు లేదు.

"తోడు లేక టీచరమ్మా. ఇంగో చిలకను తెప్పీద్దునా?" అంది పూర్ణిమ.

"తెస్తే మాట మర్చిపోతాది. వద్దు."

ఈలకు పిల్ల రావడం మానేసింది కదా, అది ఇప్పుడు వేరే దారులు వెతుకుతోంది. కుక్కర్ కూత కూసి చూసింది. నా దగ్గు దగ్గి చూసింది. ఇవాళ "ఫెబా! ఫెబా, రాయే!" అంది. అచ్చం నేనే. ఫెబా పరిగెత్తుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "పిలిచినావా అవ్వా?" లేదన్నాను. రెండోసారీ వచ్చింది. మూడోసారి రాలేదు.

తెలివైన పిల్ల.

నవంబర్ 20, బుధవారం

బళ్ళారి నుంచి దిగాడు. పిల్ల బడిలో ఉండగా వచ్చాడు కాబట్టి ఈల లేదు. వెంట వాళ్ల పెద్ద మహానందయ్య ఉన్నాడు, ప్రభాకర్‌కు ఉలి పట్టడం నేర్పిన మనిషి. టెంపో దిగుతుండగానే చూసి పంజరాన్ని నడిమింట్లో పెట్టి, పూర్ణిమతో మా పాస్టరు రాజరత్నం అయ్యగారికి కబురు పంపాను. నేనొక్కదాన్నే, వాళ్లు ఇద్దరు. ఆడది ఒంటరిగా ఉందని ఎవరూ అనుకోకూడదు.

"గది అయిపోయింది అత్తా. పాప గుడ్డలు సర్దు" అన్నాడు ప్రభాకర్.

"పాపకు రావాలని లేదు."

"నువ్వు చెప్తే సరిపోతాదా?"

"ఇన్ని నెల్లు యాడుండావప్పా? ఒక్క ఆదివారమన్నా వచ్చినావా?"

వాడి మొహం ఎర్రబడింది. "చెప్పే పోయినా గదా! ఫోను చేస్తే ఒక్కసారన్నా ఇచ్చినావా నువ్వు?"

కబురందుకుని వచ్చిన అయ్యగారు చెయ్యెత్తి ఇద్దరినీ ఊరుకోమన్నారు. చిన్నపిల్ల, అటూ ఇటూ లాగితే బెదిరిపోతుంది, ఏం చేద్దామో మీరే చెప్పండి అన్నారు. అప్పుడు ప్రభాకర్ తనంతట తానే అన్నాడు.

"చెయ్యి పట్టి ఈడ్చను అయ్యగారూ. గేటు అవతల నిలబడి పిలుస్తా. నేను ఎప్పుడూ పిలిచే పిలుపే. నా బిడ్డ పలికితే తీసకపోతా. పలకకుంటే నేనే పోతా, మళ్లీ అడగను."

ఎంత ధీమా! నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని అయ్యగారు "ధైర్యంగా ఉండు శాంతమ్మా" అన్నారు.

"నాకు సమ్మతమే. నేను నోరు కూడా మెదపను" అన్నాను.

మహానందయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంత బేగా ఒప్పుకునిందేందిరా ఈయమ్మ?" అన్నాడు ప్రభాకర్‌తో, నేను విన్నా ఫరవాలేదన్నట్టు.

బడి దగ్గర పాపను ఒకసారి చూసిపోతానన్నాడు. పరీక్షలు జరుగుతున్నాయి, లోపలికి రానివ్వరు అని చెప్పాను. నమ్మాడు. వచ్చే నెల మొదటి ఆదివారం అనుకున్నారు.

డిసెంబర్ 1, ఆదివారం

ఆరాధన ముగిశాక వచ్చారు. అయ్యగారు లోపలా బయటా కనపడేటట్టు మెట్ల మీద కుర్చీ వేయించుకున్నారు. మహానందయ్య, ప్రభాకర్ గేటు అవతల నిలబడ్డారు. ప్రభాకర్ కొత్త చొక్కా వేసుకున్నాడు. గోళ్లు కూడా కత్తిరించుకుని వచ్చాడు. నేను వంటింటి గుమ్మంలో బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇచ్చిన మాట ప్రకారం నోరు మెదపలేదు. రాళ్లు ఏరుకున్నాను.

ఫెబా హాల్లో నేల మీద కూర్చుని ఏనుగు బొమ్మకు రంగు వేస్తోంది. చిలుకకు పొద్దున్నే కడుపునిండా జామకాయ పెట్టాను. కిటికీ దగ్గర పంజరంలో సగం బోడి ఒంటితో ముడుచుకుని కూర్చుంది.

ఈల. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. "రక్షీ!"

పిల్ల తలెత్తలేదు.

మళ్లీ ఈల. "రక్షీ! నాయనొచ్చినాడే!"

ఫెబా రంగు పెన్సిలు కింద పెట్టి లేచింది. మహానందయ్య "వస్తాంది, వస్తాంది" అనడం నాకు లోపలికి వినపడింది. నా చేతిలో చాట ఆగిపోయింది. పిల్ల నేరుగా కిటికీ వైపు నడిచింది. ఓడిపోయాననుకున్నాను. నా పక్కనే స్టూలు ఉంది. దానికోసం రాలేదు. కిటికీ కింద ఆగి, మునివేళ్ల మీద లేచి, రెండు చేతులూ చాచి, గుడ్డ కొస పట్టుకుని కిందికి లాగింది.

గేటు దగ్గర నిలబడ్డవాడికి పిల్ల తల కనపడదు. రెండు చిన్న చేతులు కనపడి ఉంటాయి, వాటితో పాటు కిటికీ తెర లాగా దిగిన గుడ్డ.

"నోరు మూసుకో. ఎవురూ రారు" అంది ఫెబా. వచ్చి మళ్లీ ఏనుగు ముందు కూర్చుంది.

చిలుక అసలు నోరే తెరవలేదు.

మెట్ల మీద అయ్యగారు ఆ మాట విన్నారు. తల వంచుకున్నారు. బయట ప్రభాకర్ ఇంకోసారి ఈల వేయబోయాడు. పెదాలు కుదరలేదు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"పదప్పా" అన్నాడు మహానందయ్య. "ఇంతసేపు రాయిని పిల్చింటే అదన్నా పలికేది."

"పాపను నేను ఏం చేసినా పెద్దనాయనా? తెర ఏసుకునింది నన్ను చూసి."

"మాటిచ్చినావు గదా. పద."

మంచినీళ్లు కూడా తాగకుండా పోయారు. నాకు సంతోషం వేసింది. అయ్యగారు ప్రార్థన చేసి వెళ్లాక ఫెబా వంటింట్లోకి వచ్చి నా ఒళ్లో కూర్చుంది.

"అవ్వా, చిలక ఇయ్యాల కొత్త మాట నేర్చింది."

"ఏమంటాంది?"

"నాయనొచ్చినాడే అంటాంది."

దాని తల నిమిరి, బెల్లం ముక్క పెట్టాను.

డిసెంబర్ 8, ఆదివారం

సందు మలుపులో ఎవరూ లేరు. చిలుక రెండుసార్లు ఈల వేసింది. గుడ్డ దిగింది.

డిసెంబర్ 19, గురువారం

ఫెబా క్లాసు టీచరు పిలిపించింది. హాజరు పిలిస్తే ఫెబా పలకడం లేదట. పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచినా తల తిప్పదట. దగ్గరికి పోయి భుజం తడితే మామూలుగానే మాట్లాడుతుందట. చెవి డాక్టరుకు చూపించమంది. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల. పిల్లల్ని ఎలా పిలవాలో తెలియకపోతే పలకరు మరి. అదే చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చి వెనకనుంచి "ఫెబా" అన్నాను. రంగులు వేసుకుంటోంది. ధ్యాసలో ఉండి వినలేదు.

డిసెంబర్ 25, బుధవారం

పండుగ. చర్చిలో ఫెబా వాక్యం అంతా అప్పజెప్పింది. అందరూ మెచ్చుకున్నారు. దగ్గరికెళ్లి తట్టి, ఇక చాలు దిగు అనేదాకా స్టేజీ మీదే నిలబడింది.

జనవరి 8, బుధవారం

పొద్దున చిలుక పంజరం అడుగున పడి ఉంది. ఎప్పుడు పోయిందో ఏమో, చల్లగా ఉంది. నిన్నటినుంచి నాకు జ్వరం, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. పూర్ణిమ వాళ్లు పెళ్లికని ప్యాపిలి పోయారు. రేపు ఎవరినైనా పిలిచి పాతిపెట్టిస్తాను. పిల్ల చూస్తే ఏడుస్తుందని గుడ్డ కిందికి దించి ఉంచాను. చెప్పలేదు. మెల్లగా చెబుతాను.

అదే రోజు, సాయంత్రం

దిండు కింది పుస్తకం అందుకుని నేల మీదే కూర్చున్నాను. అయినా రాస్తున్నాను.

మధ్యాహ్నం నాలుక పిడచకట్టుకుపోయింది. మంచం దిగబోయి పడ్డాను. మోకాలు నేలకు తగిలింది, లేవలేకపోయాను. ఫెబా బడినుంచి వచ్చి హాల్లో ఉంది. పెన్సిలు గీస్తున్న చప్పుడు వినపడుతోంది.

"ఫెబా! నీళ్లు తీసకరాయే!"

పెన్సిలు ఆగలేదు.

"ఫెబా! పడిపోయినానే! ఫెబా!"

పెన్సిలు కింద పెట్టిన చప్పుడు. లేచింది. చిన్న అడుగులు. వస్తోందనుకున్నాను. నా ప్రాణం లేచివచ్చింది. అడుగులు నా వైపు రాలేదు. కిటికీ దగ్గర ఆగాయి. అప్పటికే దించి ఉన్న గుడ్డను సవరించిన చప్పుడు.

"నోరు మూసుకో" అంది నా గొంతుతో. "ఎవురూ రారు."